అమ్మాజీ మొహం మీద ముద్ర

మా ఆవిడ మొహం అంత పెద్దదిగా నేనెప్పుడూ చూడలేదు. తాడేపల్లిగూడెం బస్టాండు ఎదురుగా ఎన్నికల వ్యాను ఒకటి ఆగి ఉంది. దాని వెనక కట్టిన తెర మీద అమ్మాజీ. ముక్కుపుడకే కొబ్బరికాయంత ఉంది. నేను కాలిపోయిన మోటారుకి వైండింగు చేయించుకుని, గోనెసంచిలో చుట్టి భుజాన పెట్టుకుని గణపవరం బస్సు కోసం వస్తున్నాను. సంచి దించడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయాను.

తెర మీద అమ్మాజీ బిందె వంచి నేల మీద నీళ్ళు పారబోసింది. పచ్చగా, జిగురుగా ఉన్న నీళ్ళు. "ఈ నీళ్ళు మీ పిల్లలకి పోస్తారాండీ? మీ ఇంట్లో తాగుతారాండీ?" అంది. ఆ చివరి మాట దగ్గర గొంతు పగిలింది. వెంటనే ఇప్పటి ఎమ్మెల్యే మొహం వచ్చింది. నల్లగా చేసి, కళ్ళకి ఎర్రరంగు పూశారు. "ఆడపడుచు కన్నీళ్ళకి జవాబు చెప్పలేనివాడికి మళ్ళీ ఓటా?" అని ఎవడో ఉరిమాడు. డప్పులు మోగాయి. మళ్ళీ మొదటినుంచి అమ్మాజీ, బిందె, నీళ్ళు.

ఆ మాట అమ్మాజీ అన్నదే. అబద్ధం కాదు. కానీ ఈయన్ని కాదు అన్నది. ఆరేళ్ళ కిందట, అప్పటి ఎమ్మెల్యేని అంది. ఇప్పుడా అప్పటాయనే మళ్ళీ పోటీ చేస్తున్నాడు, ఈ వ్యాను కూడా ఆయనదే. తనని తిట్టిన తిట్టుని భద్రంగా దాచుకుని, ఇన్నాళ్ళకి బయటికి తీసి ఎదుటివాడి నెత్తిన పోశాడన్నమాట. వాళ్ళ పేర్లు రాసి కలం ఎంగిలి చేసుకోను. ఒకడు ముందాయన, ఇంకొకడు ఇప్పటాయన. మా ఊరికి వాళ్ళిద్దరికీ ఉన్న తేడా అంతే.

వ్యాను డ్రైవరు దగ్గరికెళ్ళి, "ఏవండీ, ఆ బొమ్మ ఆపండి. ఆవిడ మా ఆవిడండీ" అన్నాను.

అతను వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నన్ను చూశాడు, సంచి చూశాడు, తెర చూశాడు. "అయితే మీరు అదృష్టవంతులండీ. జిల్లా అంతా తిరుగుతున్నారావిడ. మా ఆవిడ ఫొటో రేషన్ కార్డులో కూడా సరిగ్గా పడలేదండీ."

"నవ్వులాటకి చెప్పట్లేదండీ. ఆ వీడియో పాతది."

"పాతదో కొత్తదో నాకేం తెలుసండీ. పెన్‌డ్రైవు వాళ్ళే ఇస్తారు, డీజిలు వాళ్ళే పోస్తారు. నేను ఆపితే నా బత్తా ఆగుతుందండీ."

పక్కన సోడా తాగుతున్న పెద్దమనిషి ఒకాయన, "పాపం ఎంత బాగా ఏడ్చిందండీ ఆవిడ" అన్నాడు. జాలిపడి కాదు. మ్యాట్నీ చూసి బయటికొచ్చి అన్నట్టు అన్నాడు.

మా ఊరు గణపవరం దాటి కొల్లేటి వైపు లోపలికి పోతే వస్తుంది. ఎటు చూసినా చేపల చెరువులే. వరి పండించుకునే పిచ్చివాళ్ళు నాలాంటివాళ్ళు కొద్దిమంది మిగిలారు. మా చేనుకి మూడు వైపులా చెరువులు తవ్వారు, ఊట దిగి సగం చేను ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. "నువ్వూ తవ్వించెయ్యవయ్యా, సుఖపడతావు" అంటారు. నేను సుఖపడలేదు. అది నా మొండితనం, ఆ సంగతి వదిలేయండి.

ఊరికి మంచినీళ్ళ చెరువు ఒకటుంది. ఎండాకాలం గోదావరి కాలువలు కట్టేసే ముందు దాన్ని నింపుకోవాలి. కాలువ నుంచి ఆ చెరువుకి ఒక పిల్లకాలువ, దాని చివర తూము. ఆ పిల్లకాలువ గట్టునే సూర్యప్రకాశరావు గారి చేపల చెరువు. చేపలు పట్టుబడి చేసిన ప్రతిసారీ అడుగున మిగిలిన కుళ్ళునీళ్ళు గొట్టం పెట్టి పిల్లకాలువలోకి తోడించేస్తాడు. ముందాయన హయాంలో ఆ చెరువు తవ్వాడు, అప్పుడు మెడలో ముందాయన కండువా. ఇప్పటాయన వచ్చాక ఇప్పటాయన కండువా. కండువా మారింది గానీ గొట్టం మారలేదు.

అందుకని మా ఊళ్ళో ఒక కట్టుబాటు పుట్టింది. కాలువ నీళ్ళు వచ్చిన రోజున, చేపల చెరువు లేని ఇంటి ఆడమనిషి ఒకరు పిల్లకాలువలో దిగి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని "తియ్యండి" అంటేనే తూము తీస్తారు. "ఆగండి" అంటే, చెడ్డనీళ్ళు పక్కనున్న మురుగుబోదెలోకి పోయేదాకా ఊరంతా ఆగుతుంది. చేపల చెరువు ఉన్నవాళ్ళ మాట అక్కడ చెల్లదు. ఆ పని మా అమ్మ చేసేది, అమ్మ తరవాత అమ్మాజీకి వచ్చింది. ఇందులో నాలుక గొప్పతనమేమీ లేదు. నీళ్ళు కంపుకొడితే పసిపిల్లాడికీ తెలుస్తుంది. తెలిసినా పైకి అనగలిగేవాళ్ళు కావాలి, అంతే. ఊళ్ళో అమ్మాజీకున్న ఆస్తి ఆ ఒక్క మాటే.

నేను గూడెం నుంచి ఇల్లు చేరేసరికి అమ్మాజీకి తెలిసిపోయింది. పక్కింటి మానస ఫోనులో చూపించిందట. అరుగు మీద కూర్చుని చింతకాయ తొక్కులో ఈనెలు ఏరుతోంది.

"ఆ చీర ఎప్పుడో చిరిగిపోయిందండీ. గుర్తుందా మీకు? మన హిమజ ఇంటర్మీడియట్ చదివే రోజుల్లోది" అంది. మళ్ళీ ఈనెలు ఏరడంలో పడింది.

మర్నాడే సూర్యప్రకాశరావు వచ్చాడు. వెంట తెల్లచొక్కాల వాళ్ళు ఇద్దరు. చెప్పులు బయట విడిచి మరీ లోపలికి వచ్చాడు. మర్యాదకేం లోటు లేదు ఆయనకి.

"చూశారా చెల్లెమ్మా, ముందాయన ఎంత మోసం చేశాడో! మిమ్మల్ని అడక్కుండా మీ బొమ్మ వాడుకున్నాడండీ. మా రక్తం ఉడికిపోయిందనుకోండి. మీరు ఒక్క ముక్క చెప్పండమ్మా చాలు. ఆ వీడియో పాతది, ఇప్పుడు మా ఊరి చెరువు నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి అని. ఫోనులో తీసుకుని వెళ్ళిపోతాం."

"వీడియో పాతదని చెప్తానండీ. నేను తిట్టింది ముందాయన్నేనని కూడా చెప్తాను" అంది అమ్మాజీ. "నీళ్ళు బాగున్నాయని ఎలా చెప్పనండీ అన్నయ్యగారూ? మీ గొట్టం ఇంకా అక్కడే ఉంది కదా."

"ఎన్నికల ముందు గొట్టాల గొడవ ఎందుకమ్మా!"

"గొట్టం మీరు తీసెయ్యండి. గొడవ నేను తీసేస్తాను."

తెల్లచొక్కాల్లో ఒకడు నవ్వబోయి దగ్గాడు. సూర్యప్రకాశరావు చెప్పులు తొడుక్కుంటూ నాతో, "ఆడవాళ్ళని కాస్త సర్దుకోమని చెప్పాలండీ హనుమంతరావు గారూ" అన్నాడు. ఆయన గుమ్మం దాటాక నేనన్న మాట ఇక్కడ రాయకూడదు.

మా అమ్మాయి హిమజ ఏలూరులో ఒక వెబ్‌సైటులో పనిచేస్తుంది. ఎన్నికల్లో పార్టీలవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు వదిలే వీడియోలు, ప్రకటనలు చూసి, ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చి రాయడం దాని పని. ఫ్యాక్ట్‌చెక్ అంటారట. నేను ఏడో తరగతితో ఆపేసినవాణ్ణి. అబద్ధాన్ని అబద్ధమని చెప్పడానికి కూడా జీతం ఇస్తారంటే, లోకంలో ఒక్క మంచి ఉద్యోగమైనా ఉందనుకుని గర్వపడ్డాను.

ఆ వారం అది ఇంటికి వచ్చింది. అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఫోను బల్ల మీద పెట్టి, వాళ్ళమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, ఈ వీడియో ఎప్పుడు తీశారు?"

"నీకు తెలీదేంటే? నువ్వు పక్కనే ఉన్నావు కదా."

"నాకు తెలుసమ్మా. నువ్వు చెప్పాలి."

నాకు ఒళ్ళు మండింది. "కన్నతల్లి మాటకి కూడా రుజువులు కావాలా నీకు?" అన్నాను.

"నాన్నా, మా అమ్మ చెప్పిందని రాస్తే ఎవరు నమ్ముతారు? చూపించాలి." ఫోను నా వైపు తిప్పింది. గణపవరం రాజేష్ అని, యూట్యూబ్ ఛానలు నడిపే కుర్రాడు అప్పట్లో తీసిన అసలు వీడియో అది. అమ్మాజీ వెనక కరెంటు స్తంభానికి ముందాయన పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. ప్రకటనలో ఆ ఫ్లెక్సీని మసకగా చేసేశారు. "ఎమ్మెల్యే గారూ" అని ముందాయన పేరు పెట్టి పిలిచిన చోట కత్తిరించేశారు. కత్తిరించిన చోట అమ్మాజీ చెయ్యి ఇక్కడి నుంచి అక్కడికి గంతేస్తుంది. అదంతా చూపిస్తుంటే నా కోపం దిగిపోయింది. నా కూతురు దొంగని పట్టుకున్నంత ముచ్చటేసింది.

అమ్మాజీ అంతా విని, "నీళ్ళు ఇప్పటికీ అలాగే ఉన్నాయని కూడా రాయమ్మా" అంది.

"రాస్తానమ్మా."

రాసింది. మాట తప్పలేదు. కానీ అది ఊళ్ళోకి వచ్చిన తీరు వేరు.

మానస పరిగెత్తుకుంటూ వచ్చి ఫోను చూపించింది. బిందె ఎత్తిన అమ్మాజీ. నుదుటి మీద నుంచి గడ్డం దాకా ఏటవాలుగా ఎర్రటి ముద్ర. అందులో తెల్లని అక్షరాలు: అబద్ధం. కింద ఏవో నాలుగు పేరాలు, ఆ కింద ఇంకా కొన్ని. ఇప్పటాయన మనుషులు పేరాలన్నీ కోసి పారేసి, ఆ బొమ్మ ఒక్కటే పంచారు. పైన వాళ్ళ మాట: "ఏడుపంతా నాటకమే. తేల్చేసిన ఫ్యాక్ట్‌చెక్."

ఒక్క పూటలో అది ప్రతి ఫోనులోకీ పోయింది. రామాలయం దగ్గర, పాల కేంద్రం దగ్గర, ఆటోలో. మా అమ్మాజీ చింతపండు కొనడానికెళితే కొట్లో ఎవరో, "ఎంత ముట్టిందమ్మా నటించినందుకు?" అన్నారట. ఆవిడ చింతపండు కొనకుండానే వచ్చేసింది.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు మా పిల్లకాలువకి నీళ్ళు వదిలారు. ఊరంతా తూము దగ్గర చేరింది. తూము తిప్పేది పంచాయతీ మనిషి దేవసహాయం. అతను అలవాటు ప్రకారం అమ్మాజీ వైపు చూశాడు.

అమ్మాజీ చీర కుచ్చెళ్ళు ఎత్తి కట్టి దిగింది. దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని పక్కకి ఉమ్మేసింది.

"ఆగండి" అంది. "మొన్న అన్నయ్యగారు పట్టుబడి చేశారు కదా, ఆ నీళ్ళే ఇవి. రేపటికి తేరుకుంటాయి."

"రేపు కాలువ కట్టేస్తే?" అన్నాడు సూర్యప్రకాశరావు గట్టు మీది నుంచి.

"ఇంకా టైముందని లస్కరు చెప్పాడండీ" అన్నాడు దేవసహాయం మెల్లిగా. కాలువ మీద నీళ్ళు చూసే లస్కరు మాటకి అతను విలువిస్తాడు.

సూర్యప్రకాశరావు నవ్వాడు. కోపం లేదు, తిట్టు లేదు. "ఏవండీ, ఆవిడ మాట మీద ఇంకా ఊరు నడవాలా? వాళ్ళ అమ్మాయే రాసింది కదండీ, అబద్ధమని. మొహం మీదే వేసి చూపించింది. నేనన్నానా?"

ఎవరో కిసుక్కుమన్నారు. దేవసహాయం భార్య రూబీ, "అమ్మాజీ గారు చెప్పారంటేనండీ..." అని మొదలెట్టి, చుట్టూ చూసి ఆగిపోయింది.

నేను ఊరి మొహాలు చూశాను. మా అమ్మ చేతి నీళ్ళు నమ్మి తాగినవాళ్ళు, మా పెళ్ళికి వచ్చినవాళ్ళు. అందరికీ ఆ వాసన తెలుస్తోంది. ఒక్కడు నోరు విప్పలేదు. నేను అరిచాను, బూతులు తిట్టాను. నన్ను ఇద్దరు పట్టుకున్నారు. దేవసహాయం చక్రం మీద చెయ్యి వేసి, అమ్మాజీని చూడలేక తల దించుకుని తిప్పాడు. తూము లేచింది. పచ్చనీళ్ళు చెరువులోకి దూకాయి.

అమ్మాజీ పిల్లకాలువలోనే నిలబడి ఉంది. ఆ నీళ్ళు ఆవిడ కాళ్ళ మధ్యనుంచే పోతున్నాయి.

కొద్దిరోజులకే చెరువు మీద నాచు తెట్టె కట్టింది. చిన్నచేపలు తెల్లగా తేలాయి. ఊరంతా ఆటోల మీద వచ్చే నీళ్ళ టిన్నులు కొనుక్కోవడం మొదలెట్టింది. నేను ఏలూరు బస్సెక్కాను.

పవర్‌పేటలో మేడ మీద వాళ్ళ ఆఫీసు. హిమజకి పై అధికారి అనుదీప్ అనే కుర్రాడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. "కూర్చోండి అంకుల్. మంచినీళ్ళు తాగుతారా?"

"మీ నీళ్ళైనా మంచివేనాండీ?"

అతను నెమ్మదిగా చెప్పాడు. "మేం తప్పని చెప్పింది ఆ ప్రకటనని అంకుల్. ఆంటీని కాదు. ఆంటీ నిజంగానే ఆ మాట అన్నారనీ, నీటి ఇబ్బంది ఇప్పటికీ ఉందని చెబుతున్నారనీ కూడా రాశాం. చివరి పేరాలో ఉంది, చూడండి."

"చివరి పేరా దాకా ఎవరు చదువుతారు బాబూ? నేను ఏడో తరగతితో ఆపేశాను. మా ఊరు బొమ్మతోనే ఆపేసింది."

"నిజమే అంకుల్, కానీ..."

"అబద్ధమాడింది ముందాయన కదా. ఆ ముద్రేదో ఆయన మొహం మీద కొట్టొచ్చుగా?"

"ప్రకటన ఆయన పేరు మీద లేదండీ. అభిమాన సంఘం పేరు మీద ఉంది. ఆయన ఫొటో పెడితే లాయరు నోటీసు వస్తుంది."

"మా ఆవిడ నోటీసు పంపదని ధైర్యం."

అతను బల్ల మీది కాయితాలు సర్దాడు. పాపం మంచివాడే. చెడ్డవాడైతే ఏదో ఒకటి బుకాయించేవాడు. ఊళ్ళో ఎవరి మొహం దొరికితే వాళ్ళ మీద ముద్ర కొట్టుకుంటూ పోవడం, పెద్దవాళ్ళ మొహం దగ్గరికొచ్చేసరికి చట్టం గుర్తుకు రావడం! ఈ మాటే ఇంకా మోటుగా అన్నాను. పక్క గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి.

అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న హిమజ, "ఆయన్ననకు నాన్నా. ఆ బొమ్మ ఎంచింది నేనే" అంది.

నాకు అర్థం కాలేదు.

"జనం ఏ బొమ్మ చూసి మోసపోయారో, ఆ బొమ్మ మీదే ముద్ర వెయ్యాలి. అప్పుడే గుర్తుపడతారు. ఎవరి విషయంలోనైనా అదే చేస్తాం. అమ్మ కాబట్టి వేరేగా చేస్తే, సొంత మనిషని చేశానంటారని... ఆ వెనకాల ఫ్లెక్సీ కనబడాలని కూడా చూశాను. అమ్మ మొహం ఎలా కనబడుతుందో చూడలేదు."

ఆ ముక్క విన్నాక నాకు అరవడానికి ఏమీ మిగల్లేదు. అనుదీపే మెల్లిగా, బొమ్మ మార్చేశామని చెప్పాడు. మార్చారు. ఎవరు చూశారు?

"సరే. ఇప్పుడు చెరువు కుళ్ళిపోయిందని రాయండి. గొట్టం ఉందని రాయండి" అన్నాను.

వాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "మేం వార్తలు రాయం నాన్నా" అంది హిమజ. "ఎవరైనా ఒక మాట అంటే, అది నిజమో కాదో చూస్తాం. చెరువు బాగుందని ఎవరూ అనలేదు కదా."

"ఎవడో ఒకడు అబద్ధమాడితేగానీ నిజం రాయరన్నమాట."

"అలా అనకండి అంకుల్" అన్నాడు అనుదీప్. కాదని మాత్రం అనలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఉంగుటూరు దగ్గర ఎన్నికల వ్యాను ఒకటి అడ్డం వచ్చి బస్సు ఆగింది. ముందాయన వ్యాను. ఇంకా అమ్మాజీ నీళ్ళు పారబోస్తూనే ఉంది. ఏది అబద్ధమని తేల్చారో అది హాయిగా తిరుగుతోంది. ఎవరిది నిజమో ఆవిడ ఇంట్లోంచి బయటికి రావడం లేదు. పళ్ళు పటపట కొరుక్కుంటూ కూర్చున్నవాడికి, బస్సు కదిలేసరికి, ఒక ఆలోచన వచ్చింది. గణపవరంలో దిగి ఇంటికి పోలేదు. సరాసరి సూర్యప్రకాశరావు ఇంటికే పోయాను.

"మా ఆవిడ చెప్పనన్న మాట నేను చెప్తానండీ" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "అదీ! మగాడి మాటంటే అలా ఉండాలండీ. కాఫీ తెమ్మంటాను, కూర్చోండి." మెడలో కండువా తీసి నా మెడలో వేశాడు. రాజేష్‌కి కబురు పంపాడు. అప్పుడు అమ్మాజీని తీసిన రాజేషే. కుర్రాడికి ఎవరు పిలిస్తే వాళ్ళే పార్టీ.

"చెరువు గట్టు మీద తీద్దామండీ" అన్నాను నేను.

"వద్దండీ, ఎండ" అన్నాడు సూర్యప్రకాశరావు. ఆ కంపులో ఎవడు నిలబడతాడు? వసారాలోనే నిలబెట్టి, చేతికి టిన్ను నీళ్ళ గ్లాసు ఇచ్చారు.

నేను గొంతు సవరించుకున్నాను. "నా పేరు హనుమంతరావండీ. వ్యాను మీద ఏడుస్తోంది చూశారే, అమ్మాజీ, ఆవిడ మా ఆవిడేనండీ. ఇప్పటాయన దయవల్ల మా చెరువు నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయండీ. సూర్యప్రకాశరావు గారి చేపల చెరువు నీళ్ళు అందులో ఒక్క చుక్క కలవదండీ. పిల్లకాలువలో ఆయన గొట్టమనేదే లేదండీ. మొన్న తూము తీసేముందు మా ఆవిడ ఆగమన్న మాట కూడా ఉత్తదేనండీ." గ్లాసెత్తి గటగటా తాగేశాను.

రాజేష్ ఫోను దించాడు. "బాబాయ్ గారూ, గొట్టం సంగతి ఎందుకండీ మధ్యలో?"

"ఉండనీవయ్యా" అన్నాడు సూర్యప్రకాశరావు. "ఆ గొట్టమని గొట్టమని వాగేవాళ్ళ నోళ్ళు ఈ దెబ్బతో మూతపడతాయి. పెళ్ళాం ఏడ్చింది, మొగుడు తేల్చాడు. పెట్టెయ్."

పెట్టేశారు. నా బొమ్మ అమ్మాజీ బొమ్మ కన్నా జోరుగా పోయింది. అప్పుడు ఏడ్చిన ఇల్లు ఇప్పుడు నవ్వుతోందని పాట కూడా కట్టారు. కైకరం నుంచి మా వేలువిడిచిన బావమరిది ఫోను చేసి, "సిగ్గులేదా బావా?" అని పెట్టేశాడు.

అమ్మాజీకి ముందు చెప్పలేదు. చెబితే పడనివ్వదు. ఆ మధ్యాహ్నం కంచంలో అన్నం వడ్డించి, పక్కన గ్లాసు పెట్టింది. టిన్ను నీళ్ళు కాదు. పచ్చగా ఉన్నాయి, పైన నాచుపోగు ఒకటి తేలుతోంది.

"కొబ్బరినీళ్ళండీ. తాగండి" అంది. అదే ఆఖరి మాట. ఆ తరవాత నాతో మాట్లాడటం మానేసింది.

హిమజ ఫోను చేసింది. "నాన్నా, ఏంటిది? నువ్వేనా? ఆ కండువా ఏంటి? అమ్మ మాట ఉత్తదేంటి?"

"అబద్ధమేనంటావా?"

"అబద్ధమే కదా!"

"అయితే నీ పని నువ్వు చెయ్యమ్మా."

 అది ఫోను పెట్టేసింది.

హిమజా అనుదీపూ కలిసి వచ్చారు. చెరువు ఫొటోలు తీశారు. సీసాల్లో నీళ్ళు పట్టి పరీక్షకి పంపారు. పిల్లకాలువలోకి తొంగి చూస్తున్న గొట్టాన్ని, అది బయల్దేరిన చోటి నుంచి వరసగా ఎక్కడా కత్తిరింపు లేకుండా వీడియో తీశారు. దేవసహాయాన్ని అడిగితే అతను కళ్ళు తుడుచుకుంటూ, "అమ్మగారు ఆగమన్నారండీ. మేమే ఆగలేదండీ. అది రాసుకోండి" అన్నాడు. రూబీ కూడా చెప్పింది. ఒకరు చెప్పాక ఇంకొకరు. ఆ రోజు తూము దగ్గర మూగవాళ్ళైపోయిన వాళ్ళందరికీ మాటలు వచ్చాయి. నా మీద కోపం అమ్మాజీకి సాక్ష్యమైంది.

చివర నా దగ్గరికి వచ్చింది హిమజ. అరుగు మీద నా ఎదురుగా కూర్చుని, ఫోను మధ్యలో పెట్టి అడిగింది. "హనుమంతరావు గారూ, నీళ్ళు బాగున్నాయని మీరెందుకన్నారు?"

కూతురు నన్ను మీరు అనడం అదే మొదలు.

"నాయకుడి మీద అభిమానంతో అన్నానని రాసుకోమ్మా. ఫొటో మాత్రం పెద్దది వెయ్యి."

అది తల ఎత్తలేదు. రాసుకుంటున్న చెయ్యి ఒకసారి ఆగి మళ్ళీ కదిలింది. తలుపు వెనకాల అమ్మాజీ నిలబడి వింటోందని నాకు గాజుల చప్పుడు వల్ల తెలిసింది.

పోలింగుకి ముందే పడింది. నా మొహం, నుదుటి నుంచి గడ్డం దాకా ఎర్రముద్ర. ఈసారి బొమ్మలోనే కింద పెద్ద అక్షరాలతో రాశారు: చెరువు నీళ్ళు తాగడానికి పనికిరావు. గొట్టం ఉంది. తూము తీయవద్దన్న అమ్మాజీ మాట నిజం. పేరాలు కోసేసినా ఆ మూడూ పోవు. ఇప్పటాయన్ని తిట్టడానికి పనికొస్తుందని ముందాయన మనుషులే దాన్ని ఇంటింటికీ పంచారు. ఆఫీసర్లు జీపు వేసుకొచ్చి గొట్టం పీకించారు. పెట్టించిందెవరని ఎవరూ అడగలేదు, ఎవరి మీదా కేసు లేదు. ఎన్నికల్లో ఎవరు గెలిచారో తెలుసుకోవాలనుంటే సూర్యప్రకాశరావు మెడలో కండువా చూడండి, సరిపోతుంది.

హిమజ ఉద్యోగం మానలేదు. మానమని మేమూ అనలేదు. ఇంటికొచ్చినప్పుడు తల్లీకూతుళ్ళు పక్కపక్కనే పడుకుంటారు, తలలో పేలు చూసుకుంటారు. కానీ అది నవ్వుతూ ఫోను ఎత్తి ఫొటో తియ్యబోతే, అమ్మాజీ ఇప్పటికీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. హిమజ ఫోను దించేస్తుంది. ఆ సంగతి ఇద్దరూ మాట్లాడుకోరు.

జూన్‌లో కాలువలు వదిలారు. చెరువు తోడించి, బురద తీయించి, మళ్ళీ నింపడానికి ఊరంతా తూము దగ్గర చేరింది. దేవసహాయం మా ఇంటికొచ్చి గేటు బయట నుంచే పిలిచాడు. "అమ్మగారండీ, కాలువొచ్చిందండీ."

అమ్మాజీ వెళ్ళింది. వెనకాల నేనూ వెళ్ళాను. గట్టు ఎక్కి, నీళ్ళు కాస్త బాగానే ఉన్నట్టున్నాయని అన్నానో లేదో, రూబీ కస్సుమంది. "మీరూరుకోండి హనుమంతరావు గారూ! మీ మాట సంగతి ఫోనుల్లో చూశాం." జనం పకపకా నవ్వారు. నాకిక ఊళ్ళో పొద్దు పొడిచిందని చెప్పే అర్హత కూడా లేదు.

అమ్మాజీ నీళ్ళు నోట్లో పోసుకుంది. పుక్కిలించింది. ఉమ్మేసింది.

"ఆగండి" అంది.

నవ్వులు ఆగాయి. దేవసహాయం చక్రం మీది చెయ్యి తీసేశాడు. గట్టు మీద ఒక్కొక్కళ్ళే కూలబడ్డారు. సూర్యప్రకాశరావు కొత్త కండువాతో మొహం తుడుచుకుంటూ తనూ చతికిలబడ్డాడు. ఎండ నెత్తి మీద ఉంది.

అమ్మాజీ పిల్లకాలువలో నిలబడే, ఇన్నాళ్ళకి నా వైపు తిరిగింది. "ఏవండీ, కాలువలో మొదటి నీళ్ళు కదా, ఇది ఇప్పట్లో తేలేట్టు లేదు. ఇంటికెళ్ళి గొడుగు పట్రండి" అంది.

నేను గొడుగు కోసం పరిగెత్తాను.